ఆపరేషన్‌తో బరువు దిగుతుంది... మాత్రలు మానితే ముప్పు

మిర్యాలగూడ : ధాన్యం బస్తా ఎంత తూగుతుందో ఈ ప్రాంతంలో బడికి వెళ్లే పిల్లవాడు కూడా చూసి చెబుతాడు. ఒంటి బరువు సంగతి మాత్రం మోకాళ్లు పట్టేసేదాకా ఎవరికీ గుర్తుకు రాదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారినప్పటి నుంచి జొన్నలు, సజ్జలు వెనకబడి మూడు పూటలా వరి అన్నమే అయింది. కోతలు, నూర్పిళ్లు యంత్రాల పాలయ్యాయి. తిండి తగ్గలేదు, ఒళ్లు వంచే పని తగ్గింది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 30 మంది, పురుషులలో నూటికి 32 మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు.

వీరందరికీ ఆపరేషన్ అవసరం లేదు. తిండి మార్చుకుని, రోజూ నడిస్తే చాలామందికి సరిపోతుంది. అయితే బరువు హద్దు మీరి, దానితోపాటు షుగరు, బీపీ, ఆయాసం, కీళ్ల నొప్పులు చుట్టుముట్టి, ఎన్ని పత్యాలు చేసినా తగ్గనివారు కొందరుంటారు. అటువంటివారికి బరువు తగ్గించే శస్త్రచికిత్స ఉందన్న మాట ప్రకటనల పుణ్యాన ఊళ్లకూ చేరింది. దాని వల్ల మేలెంత, ప్రమాదమెంత, పదేళ్ల తర్వాత మనిషి ఎలా ఉంటాడు అన్న ప్రశ్నలకు మాత్రం ప్రకటనల్లో జవాబు దొరకదు. వేలమంది రోగులను ఏళ్ల తరబడి వెన్నంటి చూసిన వైద్యుల లెక్కల్లో దొరుకుతుంది. ఆ లెక్కలు చెప్పేది ఒకటే. మేలు నిజమే, కాని ఆపరేషన్ అయిపోయిందని ఆసుపత్రిని మరచినవారికి ఆ మేలు నిలవదు.

ఎవరికి అవసరం?

బరువును కిలోల్లోనూ, ఎత్తును మీటర్లలోనూ తీసుకుని, ఎత్తును ఎత్తుతో గుణించగా వచ్చినదానితో బరువును భాగిస్తే వచ్చే అంకెను వైద్యులు బి.ఎం.ఐ. అంటారు. సుమారు 5 అడుగుల 3 అంగుళాల మనిషి ఎత్తు 1.6 మీటర్లు. ఆ మనిషి 77 కిలోలుంటే బి.ఎం.ఐ. 30 అవుతుంది. 90 కిలోలుంటే 35, 103 కిలోలుంటే 40 దాటుతుంది. ఈ ఎత్తుకు 60 కిలోలు చాలు. 100 కిలోలున్న మనిషి నడిచే ప్రతి అడుగుకూ కొనుగోలు కేంద్రంలో తూచే 40 కిలోల ధాన్యం బస్తాను మోస్తున్నట్లే లెక్క.

బి.ఎం.ఐ. 40 దాటినవారికి, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులున్నవారికి ఆపరేషన్ చేయవచ్చునన్నది 1991లో అమెరికాలో నిపుణులు పెట్టిన హద్దు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు దీన్ని సడలించి, 35 దాటితే జబ్బులు లేకున్నా సిఫారసు చేయవచ్చునన్నాయి. షుగరు వంటి జబ్బులుంటే 30 దగ్గరే ఆలోచించవచ్చునని, ఆసియా వారి విషయంలో ఇంకా కొంత ముందే ఆలోచించవచ్చునని చెప్పాయి. మనవారికి పొట్ట చుట్టూ కొవ్వు చేరి, తక్కువ బరువుకే షుగరు వస్తుండడమే దీనికి కారణం.

కొవ్వు తీయడం కాదు

ఈ శస్త్రచికిత్స అంటే పొట్ట కోసి కొవ్వు తీసివేయడమని చాలామంది అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగివేసే పద్ధతి పేరు లైపోసక్షన్. ఆకృతి కోసం చేయించుకునే ఆ పని వల్ల షుగరు, బీపీ తగ్గవు. 2015 జూన్‌లో అమెరికాలో మరణించిన తెలుగు సినిమా నటి ఆర్తి అగర్వాల్ అంతకు కొద్ది వారాల ముందు చేయించుకున్నట్లు పత్రికల్లో వచ్చింది ఆ లైపోసక్షనే. ఆ వార్త చూసి భయపడినవారు ఈ రెండింటినీ ఒకటిగా భావించనక్కరలేదు.

బరువు తగ్గించే ఆపరేషన్ జీర్ణాశయానికి చేసేది. ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది స్లీవ్. ఇందులో జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా తొలగించి, మిగిలినదాన్ని అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలా ఉంచుతారు. రెండవది బైపాస్. ఇందులో జీర్ణాశయం పై భాగాన చిన్న సంచి మాత్రం మిగిల్చి, చిన్నపేగును పైకి తెచ్చి దానికి కలుపుతారు. తిన్నది కొంత దూరం పేగును తప్పించుకుని పోతుంది. నేడు ఈ రెండూ పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాల ద్వారానే చేస్తున్నారు.

అల్సరు వ్యాధికి జీర్ణాశయంలో కొంత భాగం తీసివేసినవారు సన్నబడడం గమనించిన అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ మేసన్ 1966లో బైపాస్‌కు నాంది పలికాడు. తిండి తక్కువ పట్టడం వల్లనే బరువు తగ్గుతుందని మొదట అనుకున్నారు. తర్వాత అసలు సంగతి తెలిసింది. ఆకలి పుట్టించే రసాయనం తగ్గుతుంది. కడుపు నిండిందని మెదడుకు చెప్పే రసాయనాలు పెరుగుతాయి. అందుకే పత్యం చేసేవారిని పీడించే ఆకలి వీరిని అంతగా పీడించదు.

మన దేశంలో పేరున్నవారు కూడా ఈ ఆపరేషన్ చేయించుకున్నారు. నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో చేయించుకున్నారు. ప్రైవేటు ఆసుపత్రులకే పరిమితమని కూడా అనుకోనక్కరలేదు. 240 కిలోల బరువున్న ఒక యువకుడికి హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వాసుపత్రి వైద్యులు ఈ శస్త్రచికిత్స చేసి, అతడు సుమారు 70 కిలోలు తగ్గాడని 2023లో ప్రకటించారు.

ఇరవై ఏళ్ల లెక్క

ఆపరేషన్ ఫలితాలపై పేరున్న లెక్కల్లో ఒకటి స్వీడన్ దేశానిది. 1987లో మొదలైన ఆ పరిశీలనలో ఆపరేషన్ చేయించుకున్న 2010 మందిని, అటువంటి స్థూలకాయమే ఉండి చేయించుకోని 2037 మందిని పక్కపక్కన పెట్టి ఏళ్ల తరబడి చూశారు. చేయించుకున్నవారి బరువు రెండేళ్లకు సగటున నూటికి 23 వంతులు తగ్గింది. పదేళ్లకు ఆ తగ్గుదల 17 వంతులకు వచ్చింది. ఇరవై ఏళ్లకు 18 వంతుల వద్ద నిలిచింది. చేయించుకోనివారి బరువు దాదాపు ఉన్నచోటే ఉంది.

ఉదాహరణకు 120 కిలోల మనిషి ఈ లెక్కన రెండేళ్లకు 92 కిలోలకు దిగి, తర్వాత కొంత పెరిగి 98 కిలోల దగ్గర నిలుస్తాడు. ఆ పరిశీలనలో ఎక్కువమందికి చేసినది పాత పద్ధతి. నేటి బైపాస్, స్లీవ్‌లలో మొదటి ఏడాది, ఏడాదిన్నరలో శరీర బరువులో పావు వంతు, కొందరికి మూడో వంతు కూడా తగ్గుతుంది. ఆ తర్వాత కొంత తిరిగి రావడం నేటికీ మామూలే. కాబట్టి సన్నగా రివటలా అయిపోతామన్న ఆశతో వెళ్లేవారు నిరాశపడతారు. జబ్బుల భారం దించుకోవాలని వెళ్లేవారికే ఇది తగినది.

ఆయుష్షు సంగతి చూస్తే, స్వీడన్‌లో ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు రెండవ వర్గంలో కన్నా సుమారు 29 శాతం తక్కువగా ఉన్నట్లు 2007లో తేలింది. 2020లో వెలువడిన లెక్క ప్రకారం వారు సగటున మూడేళ్లు ఎక్కువ బతికారు. అయినా మామూలు జనం కన్నా అయిదున్నర ఏళ్లు తక్కువే. అంటే స్థూలకాయం చేసిన నష్టాన్ని ఆపరేషన్ కొంతవరకే పూడుస్తుంది. గుండెపోటు, పక్షవాతం తగ్గాయి. స్త్రీలలో క్యాన్సర్ కూడా తగ్గింది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో జరిగిన మరో పరిశీలనలోనూ మరణాలు 40 శాతం తక్కువగా కనిపించాయి.

షుగరు పోతుందా?

షుగరు రోగులకు ఈ ఆపరేషన్ చేసే మేలు వైద్యులనే ఆశ్చర్యపరిచింది. బరువు ఇంకా దిగకముందే, ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే చాలామందికి రక్తంలో చక్కెర తగ్గుతుంది. స్వీడన్ లెక్కలో షుగరు ఉండి ఆపరేషన్ చేయించుకున్నవారిలో రెండేళ్లకు నూటికి 72 మంది జబ్బు నుంచి బయటపడ్డారు. అయితే పదిహేనేళ్లకు ఆ సంఖ్య నూటికి 30కి పడిపోయింది.

అమెరికాలో 150 మంది షుగరు రోగులపై జరిగిన మరో పరీక్షలో అయిదేళ్ల తర్వాత చక్కెర పూర్తి అదుపులో ఉన్నవారు బైపాస్ చేయించుకున్నవారిలో నూటికి 29 మంది, స్లీవ్ చేయించుకున్నవారిలో 23 మంది. మందులతోనే నెట్టుకొచ్చినవారిలో అయిదుగురు.

కాబట్టి 'షుగరు శాశ్వతంగా పోతుంది' అన్న ప్రకటనను నమ్మరాదు. కొందరికి పోతుంది, చాలామందికి తగ్గుతుంది, కొందరికి కొన్నేళ్లకు తిరిగి వస్తుంది. జబ్బు వచ్చి కొద్ది ఏళ్లే అయినవారికి ఫలితం బాగుంటుంది. పదిహేనేళ్లుగా ఇన్సులిన్ సూదులు వేసుకుంటున్నవారికి అంత ఆశ ఉండదు. జబ్బు తిరిగి వచ్చినా మధ్యలో అదుపులో ఉన్న ఏళ్లు కళ్లకు, మూత్రపిండాలకు మేలే చేస్తాయి. షుగరు తగ్గిందని పరీక్షలు మానరాదు.

నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగిపోయే జబ్బు, బీపీ, మోకాళ్ల నొప్పులు కూడా బరువుతోపాటు చాలావరకు తగ్గుతాయి. నెలసరి సరిగా రాని స్త్రీలలో అది గాడిన పడి గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. అయితే ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు. బరువు వేగంగా దిగే ఆ రోజుల్లో కడుపులో బిడ్డకు కావలసిన పోషణ అందదు.

ప్రమాదం ఎంత?

ఏ ఆపరేషన్‌కైనా ప్రమాదం ఉంటుంది. అమెరికాలో 4,776 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన లెక్క ప్రకారం ఆపరేషన్ అయిన నెల రోజుల్లో మరణించినవారు వెయ్యికి ముగ్గురు. కుట్లు వేసిన చోట కారడం, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం ముఖ్యమైన ప్రమాదాలు. ఇంటికి వచ్చాక జ్వరం, విపరీతమైన కడుపునొప్పి, ఆయాసం, గుండె దడ, కాలి పిక్క వాపు వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి చేర్చాలి. మిర్యాలగూడ నుంచి హైదరాబాదు రోడ్డు మీద మూడు గంటల దారి. ఆపరేషన్ చేసిన డాక్టరుతో ఫోనులో మాట్లాడి, ముందుగా దగ్గరి ఆసుపత్రిలో చూపించుకుని బయలుదేరడం మంచిది.

తర్వాతి నెలల్లో బరువు వేగంగా దిగడం వల్ల పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. స్లీవ్ తర్వాత కొందరికి గుండెల్లో మంట ఎక్కువవుతుంది. బైపాస్ అయినవారు బెల్లం పాయసమో, జిలేబీలో తింటే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, విరేచనాలవుతాయి. మూడు, నాలుగు నెలలకు జుట్టు రాలడం కూడా మామూలే. పోషణ సరిగా ఉంటే మళ్లీ వస్తుంది.

మాత్రలు మానితే

అసలు ముప్పు ఏళ్లు గడిచాక వస్తుంది. తినేది తక్కువ, ఒంటికి పట్టేది తక్కువ కాబట్టి బి-12, ఐరన్, కాల్షియం, డి విటమిన్లు జీవితాంతం బయటి నుంచి వేసుకోవలసిందే. మొదటి ఏడాది అందరూ వేసుకుంటారు. మనిషి సన్నబడి, పొలం గట్ల మీద హాయిగా నడుస్తున్నాక 'ఇంకా ఎందుకీ మాత్రలు' అనిపిస్తుంది. దెబ్బ తినేది అక్కడే.

బి-12 శరీరంలో కొంత నిల్వ ఉంటుంది. మాత్రలు మానిన వెంటనే ఏమీ తెలియదు. ఏడాది, రెండేళ్లు గడిచాక అరికాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం, మతిమరుపు మొదలవుతాయి. షుగరు ఉన్న మనిషైతే ఇది షుగరు తిమ్మిరేనని సరిపెట్టుకుంటాడు. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాదు. ఐరన్ తగ్గితే రక్తహీనత వస్తుంది. నెలసరి వచ్చే స్త్రీలకు ఇది మరీ ఎక్కువ. కాల్షియం, డి విటమిను తగ్గితే ఎముకలు గుల్లబారతాయి. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయినవారిని కళ్లారా చూసిన నల్లగొండ జిల్లాకు ఎముకల బాధ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొకటి మరీ అత్యవసరం. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి వాంతులవుతుంటే బి-1 విటమిను అడుగంటుతుంది. చూపు రెండుగా కనిపించడం, అడుగు తడబడడం, మనిషి అయోమయంగా మాట్లాడడం దాని గుర్తులు. దీన్ని గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తూ కూర్చుంటే మెదడు దెబ్బతింటుంది. వెంటనే ఆసుపత్రిలో బి-1 సూదిమందు పడాలి. అది ఇవ్వకముందే గ్లూకోజు సీసా ఎక్కిస్తే మేలుకు బదులు కీడు జరగవచ్చు. కాబట్టి ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఆపరేషన్ సంగతి ముందుగా చెప్పాలి.

ఊళ్లో జరిగే పొరపాట్లు

ఊళ్లో ఒంటి నొప్పి అంటే నొప్పి సూది వేయించుకోవడం అలవాటు. బైపాస్ అయినవారికి డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి మందులు అతికిన చోట పుండు పుట్టించి రక్తస్రావానికి దారి తీస్తాయి. ఆపరేషన్ అయిన సంగతి ఊరి ఆర్.ఎం.పి.కి, మందుల దుకాణంవారికి చెప్పి ఉంచాలి. ఆసుపత్రివారిచ్చిన చీటీని జేబులోనో, ఆధార్ కార్డుతోపాటో పెట్టుకోవాలి. బీడీ, చుట్ట, సిగరెట్టు కూడా ఇదే పుండుకు కారణమవుతాయి.

రెండవ పొరపాటు పాత మందులు పాత మోతాదులోనే వేసుకోవడం. ఆపరేషన్ తర్వాత చక్కెర, బీపీ తగ్గుతుంటే మందూ తగ్గాలి. లేకుంటే చక్కెర మరీ పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. తనంతట తాను మానేయడం కూడా తప్పే. మొదటి నెలల్లో చక్కెర చూసుకుంటూ డాక్టరు చెప్పిన ప్రకారం తగ్గించుకోవాలి.

మూడవది తాగుడు. ఆపరేషన్ తర్వాత మద్యం రక్తంలోకి వేగంగా ఎక్కుతుంది. పూర్వం సీసాడు తాగి నిలబడిన మనిషి ఒక గ్లాసుకే తూలిపోతాడు. బైపాస్ అయినవారిలో రెండేళ్ల తర్వాత తాగుడుకు బానిసలయ్యేవారు పెరుగుతున్నట్లు అమెరికాలో తేలింది. కల్లు అయినా, బ్రాందీ అయినా ఒకటే. యూటా లెక్కలో జబ్బుల మరణాలు తగ్గినా, ప్రమాదాలు, ఆత్మహత్యల మరణాలు ఎక్కువగా కనిపించాయి. మనిషి దిగులుగా ఉంటే, ఒంటరిగా కూర్చుంటుంటే ఇంట్లోవారు గమనించి డాక్టరుకు చెప్పాలి.

పళ్లెం మారాలి

ఆపరేషన్ తర్వాత మొదట నీళ్లలాంటి పదార్థాలు, తర్వాత మెత్తని పదార్థాలు, ఒకటిన్నర, రెండు నెలలకు మామూలు తిండి వస్తుంది. అది కూడా గరిటెడు, రెండు గరిటెలు. ఆ కొద్ది చోటు అన్నంతోనే నిండిపోతే ఒంటికి మాంసకృత్తులు అందవు, కండ కరిగిపోతుంది. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటాయి. అందుకని ముందు గుడ్డు, చేప, కోడికూర, ముద్దపప్పు, పెరుగు తిని, చోటు మిగిలితేనే అన్నం తినాలి. బాగా నమిలి, నెమ్మదిగా తినాలి. భోజనంతోపాటు నీళ్లు తాగక, అరగంట ఎడం ఇవ్వాలి.

పెళ్లిళ్లలో, పండుగల్లో 'ఇంకొంచెం' అంటూ కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. ఈ మనిషి దగ్గర ఆ మర్యాద పనికిరాదు. బలవంతాన తింటే వాంతి అవుతుంది. చిరుతిళ్లు, కూల్‌డ్రింకులు మాత్రం గొట్టంలాంటి పొట్టలోనూ సులువుగా జారిపోతాయి. పోయిన బరువు తిరిగి వచ్చేది ఆ దారినే.

ఖర్చుకు ముందు ఆలోచన

ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆరోగ్య బీమా ఉన్నవారు 2019లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన నియమాలను తెలుసుకోవాలి. 18 ఏళ్లు నిండి, బి.ఎం.ఐ. 40 ఉండాలి. లేదా 35 ఉండి, గుండె జబ్బు, తీవ్రమైన నిద్ర గురక జబ్బు, అదుపులో లేని షుగరు వంటివి ఉండి, ఇతర పద్ధతులు ఫలించకపోయి ఉండాలి. అప్పుడే బీమా వర్తిస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డున్నవారు ఊహలతో బయలుదేరక, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగా అడిగి తెలుసుకోవాలి.

ఎకరం అమ్మి ఆపరేషన్ చేయించుకుని, తర్వాత మాత్రలకు, పరీక్షలకు డబ్బు లేక మానేస్తే ఎకరం పోయినట్లే, ఆరోగ్యం కూడా పోయినట్లే. కాబట్టి ఆపరేషన్ ఖర్చుతోపాటు ఏటా అయ్యే మందుల ఖర్చు, రక్తపరీక్షల ఖర్చు కలిపి అడగాలి. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా పరీక్షలుంటాయి. ఈ డాక్టరు ఇప్పటివరకు ఎందరికి చేశారు, అయిదేళ్ల క్రితం చేయించుకున్నవారు ఎలా ఉన్నారు అని కూడా అడగవచ్చు. అడిగితే విసుక్కునే చోట చేయించుకోకపోవడమే మంచిది.

2025లో మౌంజారో, వెగోవీ అనే సూదిమందులు మన దేశంలోకి వచ్చాయి. వారానికొకసారి వేసుకునే ఈ మందులతోనూ బరువు బాగానే తగ్గుతుంది. అయితే ఆపిన తర్వాత చాలావరకు తిరిగి వస్తుంది. ఏది ఎవరికి తగినదో డాక్టరు తేల్చవలసిందే.

ఏరియా ఆసుపత్రి ఆదుకుంటే

ఆపరేషన్ హైదరాబాదులో జరిగినా, తర్వాతి ముప్పై ఏళ్లు మనిషి బతికేది ఊళ్లోనే. ప్రతి పరీక్షకూ కూలి వదులుకుని, చార్జీలు పెట్టుకుని హైదరాబాదు వెళ్లాలంటే రెండు మూడుసార్లు వెళ్లి మానేస్తారు. బీపీ, షుగరు రోగుల పేర్లు రాసుకున్నట్లే ఈ ఆపరేషన్ అయినవారి పేర్లు కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రాసుకుని, మాత్రలు వేసుకుంటున్నారా లేదా అని ఆశా కార్యకర్తలు నెలకొకసారి అడిగితే ఎందరికో మేలు జరుగుతుంది. మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రిలో, నల్లగొండ, సూర్యాపేట వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో వీరికి ఏటా బి-12, ఐరన్, కాల్షియం, డి విటమిను పరీక్షలు వరుసగా జరిగే ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. జిల్లా వైద్యాధికారులు ఈ విషయంపై దృష్టి సారించవలసి ఉంది.